ఫోన్‌తో డబ్బులు కట్టాలంటే భయపడేవారికి: అసలు అకౌంట్ జోలికి పోకుండా యూపీఐ పెట్టుకునే పద్ధతి

“ఫోన్లో డబ్బులు కొట్టడం నాకొద్దు, ఉన్నదంతా ఊడ్చుకుపోతారు” అనేవారు ఇంటికొకరైనా ఉంటారు. అందరూ వాడుతున్నారు కదా అంటే వాళ్ల భయం తీరదు, తీరాల్సిన అవసరమూ లేదు. 2016లో మొదలైన యూపీఐ ఇవాళ కొబ్బరిబోండాల బండి దాకా వచ్చిన మాట నిజమే. అయితే ఆ ఫోన్‌కు ముడిపెట్టింది పింఛన్ పడే అకౌంటో, ధాన్యం డబ్బులు పడే అకౌంటో, ఎఫ్‌డీలున్న అకౌంటో అయితే భయపడటమే తెలివైన పని. ఆ భయానికి తగ్గ ఏర్పాటు ఒకటుంది: పోయినా ఇల్లు గడిచిపోయేంత చిన్న మొత్తాన్నే ఫోన్‌కు అందనివ్వాలి. అమ్మానాన్నలకు ఫోన్ సెట్ చేసి ఇచ్చే పిల్లలు కూడా ఇదే వరసలో చేస్తే సరిపోతుంది.

రెండో అకౌంట్ వేరే బ్యాంకులోనే ఎందుకు

యూపీఐ మొత్తం నడిచేది బ్యాంకులో రిజిస్టరైన మొబైల్ నంబర్ మీద. ఆ సిమ్ చేతికి చిక్కినవాడికి డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ కూడా దొరికితే ఓటీపీ తెప్పించుకుని కొత్త యూపీఐ పిన్ పెట్టుకునే దారి దొరికినట్టే. సిమ్ దొంగిలించకపోయినా, మీ ఫోన్ నుంచి మెసేజ్‌లు పంపే, వచ్చినవాటిని చదివే దొంగ యాప్ లోపలికి దూరితే దాదాపు అదే పని జరుగుతుంది.

అందుకే ఎఫ్‌డీలున్న బ్యాంకులోనే ఇంకో అకౌంట్ తెరిస్తే పెద్దగా ఉపయోగం ఉండదు. మామూలుగా ఒక బ్యాంకులో ఒక మనిషికి ఎన్ని అకౌంట్లున్నా కస్టమర్ ఐడీ ఒకటే, దానికి ఇచ్చిన మొబైల్ నంబరూ ఒకటే. చిన్న అకౌంట్ కోసం ఇచ్చిన నంబరే పెద్దదానికీ తాళంచెవి అవుతుంది. కాబట్టి వేరే బ్యాంకులో, వేరే నంబర్‌తో తెరవండి. మినిమం బ్యాలెన్స్ అక్కర్లేని అకౌంట్ అడగండి. డెబిట్ కార్డు తప్పకుండా తీసుకోండి, పిన్ పెట్టుకోవడానికి అది కావాలి. నెలకు సరుకులకు, పాలకు, మందులకు, ఆటోలకు ఎంతవుతుందో లెక్క వేసుకుని అంతే అందులో వేయండి. చాలా ఇళ్లకు నాలుగైదు వేలు చాలు. నగదుగా జమ చేసినా, పెద్ద అకౌంట్ బ్రాంచిలో ఫారం నింపి నెఫ్ట్ (ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతి) చేయించినా ఫర్వాలేదు. నెలకొకసారి బ్రాంచికి వెళ్లడం శ్రమే, కానీ రెండు అకౌంట్ల మధ్య ఆన్‌లైన్ దారి లేకుండా చేసేది ఆ శ్రమే.

ఇక సిమ్ సంగతి. పెద్ద అకౌంట్‌కు ఇచ్చిన సిమ్ కీప్యాడ్ ఫోన్లో ఉండాలి. యాప్‌లు ఎక్కని ఫోన్లోకి దొంగ యాప్ రాలేదు. బ్యాంకులో నంబర్ మార్చుకోవడానికి తిరగడం ఇష్టం లేకపోతే పాత సిమ్‌నే కీప్యాడ్ ఫోన్లోకి మార్చి, స్మార్ట్‌ఫోన్‌కు కొత్త సిమ్ తీసుకోవడం తేలిక. జియో సిమ్ 2జీ ఫోన్లలో పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఫోన్ కొనాలి. ఆధార్‌కు లింకైన నంబర్ కూడా ఈ కీప్యాడ్ ఫోన్లోదే అయితే మంచిది. ఎందుకంటే డెబిట్ కార్డు లేకుండా ఆధార్ ఓటీపీతోనూ యూపీఐ పిన్ పెట్టుకునే వీలుంది. ఈ ఏర్పాటులో తరచూ జరిగే పొరపాటు ఒకటే: కీప్యాడ్ సిమ్‌కు రీఛార్జ్ మర్చిపోవడం. 90 రోజులపాటు ఏ వాడకమూ లేకపోతే ఆ నంబర్ రద్దయి, తర్వాత మరొకరికి వెళ్లిపోవచ్చు. కనీస రీఛార్జ్ చేయిస్తూ, వారానికొక కాల్ అయినా చేస్తుండండి.

ఫోన్‌ను సిద్ధం చేయడం

యాప్‌ను ప్లే స్టోర్ నుంచే వేయాలి, ఎవరో పంపిన లింకు నుంచి కాదు. భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, ఏదైనా ఒకటి చాలు. రెండు మూడు వేసుకుంటే ఏ డబ్బు ఎందులోంచి పోయిందో వెతుక్కోవడమే మిగులుతుంది. అన్నిటికంటే ముందు యాప్ భాషను తెలుగుకు మార్చండి. చదవగలిగిన స్క్రీన్ మీద తప్పులు తక్కువ.

నంబర్ ధ్రువీకరణ దగ్గరే చాలామంది ఆగిపోతారు. యాప్ మీ సిమ్ నుంచి తనంతట తాను ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. ఆ సిమ్ అదే ఫోన్లో ఉండాలి, ఎస్సెమ్మెస్‌కు బ్యాలెన్స్ ఉండాలి, రెండు సిమ్‌లుంటే సరైనదాన్ని ఎంచుకోవాలి. పదేపదే ఫెయిలవుతుంటే కారణం దాదాపుగా ఈ మూడింటిలో ఒకటి. వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే సర్వర్ మీదుగా తిప్పే) యాప్ ఆన్‌లో ఉన్నా పని జరగకపోవచ్చు. ఆ తర్వాత బ్యాంకును ఎంచుకోవాలి, కార్డు చివరి ఆరు అంకెలు, గడువు తేదీ కొట్టాలి, ఓటీపీ వస్తుంది, కొత్త పిన్ రెండుసార్లు కొట్టాలి. నాలుగు లేదా ఆరు అంకెల పిన్, అది బ్యాంకును బట్టి. పుట్టిన సంవత్సరం, బండి నంబర్, 1234 వద్దు. ఫోన్ తెరిచే నంబరూ యూపీఐ పిన్నూ ఒకటి కాకూడదు, ఫోన్ తెరవడం బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కూడా చూస్తారు. కొత్త ఫోన్లో రిజిస్టర్ చేసిన మొదటి 24 గంటలు 5,000 రూపాయలకు మించి వెళ్లవు, ఐఫోన్‌లో ఈ ఆంక్ష ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అది మీ రక్షణ కోసం పెట్టిందే, యాప్ పాడైందని కంగారుపడి ‘కస్టమర్ కేర్’ నంబర్ వెతకకండి.

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో తెలియని యాప్‌ల ఇన్‌స్టాలేషన్ అనే చోటుకు వెళ్లి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ అనుమతి తీసేయండి. ప్లే స్టోర్‌లో దొంగ యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఈ రెండూ చేసిన ఫోన్లో ఏపీకే (ప్లే స్టోర్ బయట నుంచి వచ్చే యాప్ ఫైలు) మోసాలు చాలావరకు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. సిమ్ లాక్ కూడా పెట్టండి, ఫోన్ పోయినప్పుడు దొంగ ఆ సిమ్‌ను వేరే ఫోన్లో వేసినా పిన్ అడుగుతుంది.

ఇంకొకటి, చిన్నదే కానీ చాలా ముఖ్యం. ఫోన్ ఫ్లిప్ కవర్ తెరిచి చూడండి. అందులో డెబిట్ కార్డు, ఆధార్ జిరాక్స్ ఉన్నాయా? ఉంటే సిమ్, కార్డు అంకెలు, గడువు తేదీ అన్నీ ఒకే చోట పెట్టి దొంగకు అప్పగించినట్టు. ఉత్త ఫోన్ పోతే పిన్ తెలియని వాడికి డబ్బు తీయడం కష్టం. కవర్లో కార్డుతో సహా పోతే ఆ కష్టం తీరిపోతుంది. కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి.

మొదటి పది రూపాయలు

మొదట ఇంట్లోవాళ్లకే పది రూపాయలు పంపించి, వాళ్ల అకౌంట్లో పడ్డాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత రోజూ వెళ్లే కిరాణా కొట్లో కట్టండి. పెద్ద బిల్లుతో మొదలుపెట్టవద్దు.

స్కాన్ చేయగానే ఒక పేరు కనిపిస్తుంది. 2025 జూన్ 30 నుంచి ఆ పేరు బ్యాంకు రికార్డుల్లో ఉన్నదే రావాలి, ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకోవడానికి లేదు. బోర్డు మీద శ్రీ లక్ష్మీ జనరల్ స్టోర్స్ అని ఉండి, స్క్రీన్ మీద ఒక వ్యక్తి పేరు రావచ్చు. చిన్న కొట్లలో అది మామూలే, యజమాని పేరో ఇంట్లోవాళ్ల పేరో అయి ఉంటుంది. ఊరుకోకుండా ఆ పేరు చదివి “ఇది మీదేనా అండీ?” అని అడగండి. కొట్టు స్టిక్కర్ మీద దొంగ తన క్యూఆర్ స్టిక్కర్ అతికించిపోయిన సందర్భాలు ఉన్నాయి, ఈ ఒక్క ప్రశ్నతో అది బయటపడుతుంది. ఆ కొట్టుకూ మేలు చేసినట్టే.

పిన్ కొట్టే పేజీని ఒకసారి నింపాదిగా చూసి గుర్తుపెట్టుకోండి. పైన మీ బ్యాంకు పేరు, ఎవరికి వెళ్తున్నాయి, ఎంత వెళ్తున్నాయి, కింద అంకెలు నింపే ఖాళీలు. ఏ యాప్ వాడినా దాదాపు ఇలాగే ఉంటుంది. బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు, పిన్ మార్చుకునేటప్పుడు వచ్చేది పక్కన పెడితే, ఈ పేజీ వచ్చిందంటే డబ్బు మీ అకౌంట్ నుంచి బయటికి వెళ్లబోతోందని లేదా వెళ్లడానికి మీరు అనుమతి ఇవ్వబోతున్నారని అర్థం. డబ్బు రావడానికి ఈ పేజీతో పనే లేదు. రీఫండ్ అన్నా, క్యాష్‌బ్యాక్ అన్నా, ప్రభుత్వ పథకం అన్నా, పాత మంచం కొనేవాడు అడ్వాన్స్ పంపుతున్నానన్నా పిన్ అడిగితే మోసమే. ఇప్పుడు కొన్ని యాప్‌లలో పిన్‌కు బదులు వేలిముద్రతో, ముఖంతో కట్టే వీలు కూడా వచ్చింది. ఇంట్లో పిల్లల వేలిముద్రలు కూడా సేవ్ చేసిన ఫోన్లో దాన్ని ఆన్ చేయవద్దు.

ఛార్జీల అనుమానం కూడా చాలామందికి ఉంటుంది. బ్యాంకు అకౌంట్ నుంచి యూపీఐతో కొట్లో కడితే మీకు ఏ ఛార్జీ పడదు. మొబైల్ రీఛార్జ్ లాంటివాటికి కొన్ని యాప్‌లు ఒకటో రెండో రూపాయలు ప్లాట్‌ఫామ్ ఫీజు వేస్తాయి, కట్టే ముందే అది స్క్రీన్ మీద కనిపిస్తుంది.

కట్ అయ్యాయి, పడలేదు

నమ్మకం పోయేది ఎక్కువగా ఇక్కడే. మీ దగ్గర కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, కొట్లో సౌండ్ బాక్స్ పలకదు. యాప్‌లో ‘పెండింగ్’ అని ఉంటే మళ్లీ కొట్టకండి. రెండు బ్యాంకుల సర్వర్ల మధ్య జవాబు ఇంకా రాలేదని దానర్థం. అప్పుడు రెండోసారి కొడితే రెండూ వెళ్లే ప్రమాదం ఉంది. ఆ పూటకు నగదు ఇచ్చేయండి. లేదా కొట్టువాళ్ల ఫోన్ నంబర్ తీసుకుని, పడితే చెప్పమనండి.

రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ నిబంధన ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన డబ్బు అవతల పడకపోతే మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలి. కొట్లో కట్టినదైతే ఐదు రోజుల్లో రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీరు అడగకుండానే బ్యాంకు వేయాలి. వేయకపోతే అడగండి, అది మీ హక్కు. యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) ఉంటుంది. బ్యాంకువాళ్లకు స్క్రీన్‌షాట్ కంటే అదే ముఖ్యం, కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

మొత్తం వ్యవస్థే ఆగిపోయే రోజులూ ఉంటాయి. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ గంటల తరబడి మొరాయించింది. బస్సు ఛార్జీకి, ఆసుపత్రి ఓపీకి సరిపడా నగదు జేబులో ఉండాల్సిందే.

తప్పు నంబర్‌కు పంపితే మాత్రం తిరిగి రావడం అంత తేలిక కాదు. అవతలి మనిషి ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను ఆ డబ్బు వెనక్కి లాగదు. వెంటనే యాప్‌లోనూ, మీ బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి. కొత్తవాళ్లకు పెద్ద మొత్తం పంపాల్సి వస్తే ముందు ఒక్క రూపాయి పంపి, అందిందని ఫోన్లో విన్నాకే మిగతాది పంపండి.

దొంగలు ఏ రూపంలో వస్తారు

ఒకరి నుంచి ఒకరికి యూపీఐలో డబ్బు అడిగే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ను 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేశారు. దాంతో పాత మోసం ఒకటి తగ్గింది, మిగతావి తగ్గలేదు.

ఇప్పుడు ఎక్కువగా నష్టం చేస్తున్నది ఏపీకే ఫైలు. ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖ అనే పేర్లతో వాట్సాప్‌లో వస్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచే వస్తుంది, ఎందుకంటే వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే తెరవకండి. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. మీ ఫోన్‌ను దూరం నుంచి చూసే, నడిపే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయమన్నా, వాట్సాప్ కాల్‌లో స్క్రీన్ షేర్ చేయమన్నా ఫోన్ పెట్టేయండి.

“పొరపాటున మీకు 5,000 వచ్చాయి, వెనక్కి పంపండి” అనేది ఇంకో రకం. చూపించే మెసేజ్ మామూలు పదంకెల నంబర్ నుంచి వచ్చి ఉంటుంది. మెసేజ్‌ను నమ్మకుండా యాప్‌లో బ్యాలెన్స్ చూడండి. నిజంగానే పడి ఉన్నా మీరు పంపకండి, వాళ్ల బ్యాంకు ద్వారా అడగమనండి. అది వేరే ఎవరి దగ్గరో కొట్టేసిన డబ్బు అయితే పోలీసులు ఆ వరుసలో ఉన్న అకౌంట్లన్నీ ఆపిస్తారు, మీదీ అందులో చిక్కుకుంటుంది.

కస్టమర్ కేర్ నంబర్‌ను గూగుల్‌లో వెతకవద్దు, పైన కనిపించేది దొంగలు పెట్టిన నంబర్ కావచ్చు. డెబిట్ కార్డు వెనక, పాస్‌బుక్ మీద ఉన్న నంబరే చేయండి. ఇక యాప్‌లో ఆటోపే అనే చోటును నెలకొకసారి తెరిచి చూడండి. ఒక రూపాయి ట్రయల్ అని పిన్ కొట్టించుకున్నవి తర్వాత నెలనెలా పిన్ అడగకుండానే కట్ అవుతుంటాయి. అక్కడే రద్దు చేయవచ్చు.

పిన్ కూడా వద్దనుకునే పెద్దవారికి

చేతులు వణికేవారికి, చూపు ఆననివారికి మూడు దారులున్నాయి. మొదటిది యూపీఐ లైట్, అకౌంట్ నుంచి కొంత డబ్బు ముందే విడిగా వేసుకునే చిన్న పర్సు లాంటిది. అందులో గరిష్ఠంగా 5,000 ఉంచుకోవచ్చు, ఒక్కోసారి 1,000 దాకా పిన్ లేకుండా కట్టవచ్చు. ఐదారు వందలకు మించి ఉంచకపోవడం మంచిది. ఆ మాత్రమే ఉంటే ఫోన్ పోయినా పోయేది అంతే. లైట్ ఖర్చులు పాస్‌బుక్‌లో విడివిడిగా పడవు, లైట్‌లోకి వేసుకున్న మొత్తమే పడుతుంది. లెక్క యాప్‌లో చూసుకోవాలి. ఫోన్ మార్చే ముందు లైట్‌ను మూసేసి ఆ డబ్బును అకౌంట్‌లోకి వెనక్కి తెచ్చుకోవాలి.

యూపీఐ సర్కిల్ రెండోది. అకౌంట్ కొడుకుదో కూతురిదో ఉంటుంది, కొట్లో స్కాన్ చేసేది అమ్మ. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000, ఒక్కోసారికి 5,000 దాటవు. పాక్షిక అనుమతి అయితే ప్రతిసారీ పిల్లలు తమ ఫోన్లో పిన్ కొట్టి ఓకే చేయాలి. హైదరాబాద్‌లో కూతురు మీటింగ్‌లో ఉంటే అమలాపురం మెడికల్ షాపులో అమ్మ నిలబడాల్సి వస్తుంది. కాబట్టి మందులకూ పాలకూ పూర్తి అనుమతే ఇచ్చి, మొత్తం తగ్గించి పెట్టడం నయం.

మూడోది కీప్యాడ్ ఫోన్ నుంచే నడిచే యూపీఐ 123పే. 080 4516 3666కు ఫోన్ చేస్తే వాయిస్ చెప్తున్న ప్రకారం కట్టవచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు. దీన్ని చిన్న అకౌంట్‌తోనే వాడండి, పెద్ద అకౌంట్ సిమ్ ఉన్న ఫోన్లో మొదలుపెట్టవద్దు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషం

వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి. బ్యాంకు పేరు, అకౌంట్ నంబర్, యూటీఆర్, సమయం, మొత్తం, ఎవరికి వెళ్లిందో ఆ యూపీఐ ఐడీ, ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. దొంగలు డబ్బును నిమిషాల్లో ఒక అకౌంట్ నుంచి మరోదానికి తిప్పేస్తారు. మధ్యలో ఎక్కడ ఆపగలిగితే అంత దక్కుతుంది. పరువు పోతుందని ఇంట్లో చెప్పడానికి జంకుతూ రాత్రంతా గడిపేవారికే ఎక్కువ నష్టం. ఫిర్యాదు నంబర్ రాసుకుని, సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో మిగతా వివరాలు నింపండి. 1930కి చెప్పాం కదా అని బ్యాంకును వదలకండి, అక్కడా విడిగా ఫిర్యాదు చేసి అకౌంట్ ఆపించాలి.

దొంగ యాప్ వల్ల పోయిందని అనుమానముంటే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి సిమ్ తీసేయండి. మెసేజ్‌లు, ఆ ఏపీకే ఫైలు చెరపకండి, ఫొటోలు తీసి ఉంచండి. ఫిర్యాదు పూర్తయ్యాకే ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. ఫోన్ పోయినట్టయితే సిమ్ బ్లాక్ చేయించి, పోలీసు ఫిర్యాదుతో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఫోన్‌ను కూడా బ్లాక్ చేయించవచ్చు. దానికి ఐఎంఈఐ (ఫోన్‌కు ఉండే గుర్తింపు) నంబర్ కావాలి, ఇవాళే *#06# కొట్టి డైరీలో రాసిపెట్టుకోండి.

2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం మీకు అండ. తప్పు మీదీ కాదు, బ్యాంకుదీ కాదు, మరెక్కడో లోపం వల్ల పోయిందంటే, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెప్తే మీకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెప్తే మామూలు సేవింగ్స్ అకౌంట్‌కు మీరు భరించేది 10,000 దాటదు. పిన్ మీరే కొట్టి ఉంటే, లేదా ఓటీపీ చెప్పి ఉంటే బ్యాంకు దాన్ని మీ అజాగ్రత్త కిందే చూస్తుంది. ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ మీదే పడుతుంది, చేశాక పోయేది బ్యాంకుదే. అందుకే ఫిర్యాదు చేసిన తేదీ, సమయం కాగితం మీద ఉండాలి. బ్రాంచిలో రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోండి.

పోలీసులు ఆపిన డబ్బు కోర్టు ఉత్తర్వుతో తిరిగి రావచ్చు. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇలా బాధితులకు ఇప్పిస్తున్నారు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, ఫీజు లేదు. ఎలా చేయాలో 14448కి ఫోన్ చేస్తే చెప్తారు. స్టాంపు వేసిన నకలు, యూటీఆర్, 1930 ఫిర్యాదు నంబర్, ఆ నెల స్టేట్‌మెంట్ దానికి జత చేయాలి.